హిస్టారిక్కా... హిస్టారికలా?

ఒక్క ‘అల్’ తోకతో అర్థమే మారిపోతుంది. ఇంగ్లిష్‌లో కవల పిల్లల్లా కనిపించే విశేషణాల్లో ఎప్పుడు దేన్ని వాడాలి?

స్కాలర్‌షిప్ కోసం దరఖాస్తు రాస్తున్న ఓ విద్యార్థి అందులో ‘మై ఫ్యామిలీ హ్యాజ్ ఎకనామికల్ ప్రాబ్లమ్స్’ అని రాశాడనుకోండి. తను చెప్పదలచుకున్నది ఇంట్లో ఆర్థిక ఇబ్బందులున్నాయని. రాసిందేమో ‘మా ఇంట్లో పొదుపైన ఇబ్బందులున్నాయి’ అని! చదివేవాళ్లకు భావం అందుతుంది. కానీ పెదవుల మీద ఓ చిన్న నవ్వు కూడా వస్తుంది. కష్టం చెప్పుకున్నచోట ఎదుటివాళ్లు నవ్వితే ఎంత బాధ!

ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ వెరీ ఇంటరెస్టింగ్ ఇన్ దిస్ జాబ్’ అనే అభ్యర్థిదీ ఇదే పరిస్థితి. ఉద్యోగం మీద ఆసక్తి ఉందని చెప్పబోయి, ‘నేను చాలా ఆసక్తికరమైన మనిషిని’ అని తనను తాను పొగుడుకున్నట్టు అవుతుంది.

ఈ పొరపాట్లకు కారణం తెలివితక్కువతనం కాదు. తెలుగులో ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట ఇంగ్లిష్ రెండు మాటలు పెట్టుకుంది. ఆ రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. వాటి గుట్టు తెలిస్తే గందరగోళం చాలావరకు తగ్గిపోతుంది.

ఈ తోక ఎక్కడిది?

‘ఇక్’ అనే ప్రత్యయం గ్రీకు భాషలో పుట్టి, లాటిన్, ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. దానికి లాటిన్ నుంచి వచ్చిన ‘అల్’ జతకలిసి ‘ఇకల్’ తయారైంది. రెండింటి పనీ ఒకటే. నామవాచకాన్ని ‘దానికి సంబంధించిన’ అనే అర్థమిచ్చే విశేషణంగా మార్చడం.

ఈ పని తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. సమాజం నుంచి ‘సామాజిక’, అర్థం నుంచి ‘ఆర్థిక’, వేదం నుంచి ‘వైదిక’ వచ్చాయి కదా! సంస్కృతంలోని ఈ ‘ఇక’నూ, గ్రీకులోని ఆ ‘ఇకోస్’నూ భాషా శాస్త్రజ్ఞులు దూరపు చుట్టాలుగా లెక్కిస్తారు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చేసిన ప్రసంగం ప్రసిద్ధమే. అంటే ‘ఎకనామిక్’లోని చివరి ముక్క, ‘ఆర్థిక’లోని చివరి ముక్క ఒకే ఇంటివన్నమాట.

ఇంగ్లిష్‌లో చాలాకాలం పాటు ఈ రెండు రూపాలనూ ఎవరికి తోచినట్టు వాళ్లు వాడారు. ‘హిస్టారిక్’ అన్నా, ‘హిస్టారికల్’ అన్నా ఒకటే. కానీ ఒకే పనికి ఇద్దరు మనుషులుంటే ఏమవుతుంది? ఒకరు వెళ్లిపోతారు, లేదంటే పని పంచుకుంటారు. మాటల విషయంలోనూ అదే జరిగింది. ఇంగ్లిష్ వాడుక మీద 1926లో ప్రసిద్ధ నిఘంటువు వెలువరించిన ఫౌలర్ ఈ జంటల గురించి ప్రత్యేకంగా రాశారు. అర్థంలో తేడా లేనప్పుడు రెండో రూపాన్ని వదిలించుకోవడం భాషకు మేలన్నది ఆయన అభిప్రాయం. కొన్ని జంటల్లో ఒక మాట తెరమరుగైంది. కొన్ని జంటలు మాత్రం పని పంచుకుని నేటికీ నిలిచాయి. తికమక పెట్టేవి ఈ రెండో రకమే.

చరిత్ర సృష్టించిందా? చరిత్రకు చెందిందా?

చరిత్రలో నిలిచిపోయేంత గొప్పది ‘హిస్టారిక్’. చరిత్రకు, గతానికి సంబంధించినది ‘హిస్టారికల్’. అది గొప్పదే కానక్కర్లేదు.

1969 జులైలో మనిషి చంద్రుడి మీద కాలుమోపడం హిస్టారిక్. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువానికి చేరువలో దిగడం హిస్టారిక్. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 నవంబరు 1, తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2... రెండూ హిస్టారిక్ తేదీలే.

అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’, నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’ హిస్టారికల్ నవలలు. గతంలో జరిగిన కథను చెబుతాయి కాబట్టి ఆ పేరు. రుద్రమదేవి హిస్టారికల్ వ్యక్తి. అంటే కల్పన కాదు, నిజంగా జీవించిన మనిషి. ఆమె మరణం గురించి చెప్పే 1289 నాటి చందుపట్ల శాసనం హిస్టారికల్ ఆధారం. అదే చార్మినార్ దగ్గరకొస్తే 1591 నాటి ఆ కట్టడం హిస్టారిక్. దాన్ని కట్టించింది కులీ కుతుబ్‌షా అని చెప్పే పాత రాతలు హిస్టారికల్.

ఇలాంటి పేచీ తెలుగులోనూ ఉంది. చరిత్రకు సంబంధించినది ‘చారిత్రక’. మరి గొప్ప నిర్ణయాన్ని ఏమనాలి? పత్రికల్లో, ప్రసంగాల్లో తరచూ వినిపించే ‘చారిత్రాత్మక’ సరికాదు, ‘చరిత్రాత్మక’ అనాలని పట్టుబట్టేవాళ్లున్నారు. తెలుగు మాటకే ఇంత చర్చ జరుగుతుంటే, ఇంగ్లిష్ మాట దగ్గర తడబడటం వింతేమీ కాదు.

దేశానికో మాట, జేబుకో మాట

ఆర్థిక వ్యవస్థకు, ఆర్థిక శాస్త్రానికి సంబంధించినది ‘ఎకనామిక్’. డబ్బు ఆదా చేసేది, పొదుపైనది ‘ఎకనామికల్’.

పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1991లో మొదలైనవి ‘ఎకనామిక్’ సంస్కరణలు. లీటరు పెట్రోలుకు ఎక్కువ కిలోమీటర్లు తిరిగే బండి ‘ఎకనామికల్’. నెల సరుకులు చిల్లరగా కాకుండా ఒకేసారి టోకున కొనడం ‘ఎకనామికల్’. దేశానిదైతే ‘ఎకనామిక్’, మన జేబుకు మేలు చేసేదైతే ‘ఎకనామికల్’ అని గుర్తుపెట్టుకుంటే సగం తిప్పలు తప్పుతాయి. కుటుంబ ఆర్థిక ఇబ్బందుల సంగతి రాయాలంటే మాత్రం ‘ఎకనామిక్’ కన్నా ‘ఫైనాన్షియల్ ప్రాబ్లమ్స్’ అంటే ఇంకా సహజంగా ఉంటుంది.

ఇక్కడో సందేహం రావచ్చు. అగ్రవర్ణ పేదలకు పది శాతం రిజర్వేషన్ కల్పించిన 2019 నాటి 103వ రాజ్యాంగ సవరణలో ‘ఎకనామికల్లీ వీకర్ సెక్షన్స్’ అని ఉంది కదా! అది పొదుపైన వర్గాలనా? కాదు. ‘ఇక్’తో ముగిసే విశేషణాన్ని క్రియావిశేషణంగా మార్చేటప్పుడు దాదాపు ప్రతిసారీ ‘అల్లీ’ చేరుతుంది. ఎకనామిక్ అయినా, ఎకనామికల్ అయినా చివరకు ‘ఎకనామికల్లీ’నే. అలాగే ‘హిస్టారికల్లీ’, ‘సైంటిఫికల్లీ’. అక్కడ తేడా చెరిగిపోతుంది, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. ఈ సూత్రానికి లొంగని ముఖ్యమైన మాట ‘పబ్లిక్’. దానికి ‘అల్’ లేకుండా నేరుగా ‘లీ’ చేరి ‘పబ్లిక్లీ’ అవుతుంది. దీని స్పెల్లింగ్‌లో పెద్దవాళ్లూ తప్పటడుగు వేస్తుంటారు.

శంకరాభరణం చెప్పే పాఠం

‘క్లాసిక్’, ‘క్లాసికల్’ తేడా తెలుసుకోవడానికి 1980లో విడుదలైన ‘శంకరాభరణం’ చాలు. అది క్లాసికల్ సంగీతం మీద తీసిన క్లాసిక్ సినిమా!

తన కోవలో మేటిగా నిలిచి, ఏళ్లు గడిచినా వన్నె తగ్గనిది ‘క్లాసిక్’. 1957 నాటి ‘మాయాబజార్’ క్లాసిక్. గురజాడ ‘కన్యాశుల్కం’ క్లాసిక్. ప్రాచీన సంప్రదాయానికి, శాస్త్రానికి కట్టుబడినది ‘క్లాసికల్’. కర్ణాటక సంగీతం, కూచిపూడి నాట్యం క్లాసికల్ కళలు. అందుకే 2008లో తెలుగుకు దక్కిన ప్రాచీన హోదాను ‘క్లాసికల్ లాంగ్వేజ్’ అన్నారు గానీ ‘క్లాసిక్ లాంగ్వేజ్’ అనలేదు.

తెలుగులో ‘శాస్త్రీయ’ అనే మాట ఒక్కటే ‘క్లాసికల్’కూ, ‘సైంటిఫిక్’కూ పని చేస్తుంది. శాస్త్రీయ సంగీతం వేరు, శాస్త్రీయ దృక్పథం వేరు. ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు ఆ తేడా చూసుకోవాలి.

కరెంటు కుటుంబం

ఫలానా వస్తువు కరెంటుతో నడుస్తుందని చెప్పాలంటే ‘ఎలక్ట్రిక్’. ఎలక్ట్రిక్ స్కూటర్, ఎలక్ట్రిక్ కుక్కర్, ఎలక్ట్రిక్ రైలు. కరెంటు వల్ల నేరుగా కలిగేది కూడా అంతే, ఎలక్ట్రిక్ షాక్. విద్యుత్తుకు సంబంధించిన రంగాన్నో, చదువునో, సామగ్రినో మొత్తంగా చెప్పాలంటే ‘ఎలక్ట్రికల్’. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, ఎలక్ట్రికల్ గూడ్స్, ఎలక్ట్రికల్ వైరింగ్. ‘ఎలక్ట్రిక్ ఇంజినీర్’ అంటే ప్లగ్గులో పెడితే పనిచేసే ఇంజినీర్ అనుకునే ప్రమాదముంది! ఈ గీత మరీ కచ్చితమైందేమీ కాదు. కొన్నిచోట్ల రెండూ చెల్లుతాయి.

ఇంకో రెండు జంటలు త్వరగా చూద్దాం. ‘కామిక్’ అంటే హాస్యానికి సంబంధించినది. కామిక్ పాత్ర, కామిక్ నటుడు. ‘కామికల్’ అంటే చూడగానే నవ్వొచ్చేది. పెద్ద చొక్కా తొడుక్కుని నడుస్తున్న బుడతడు కామికల్. ‘పొలిటికల్’ అంటే రాజకీయమని అందరికీ తెలుసు. ‘పొలిటిక్’ అనే మాటా ఉంది. దాని అర్థం లౌక్యంతో కూడినదని. వియ్యాలవారింట్లో కూర బాగోలేదని అనకుండా ఊరుకోవడం పొలిటిక్!

అసలు జంటే లేనివి

ప్రతి మాటకూ కవల ఉంటుందని భయపడక్కర్లేదు. సైంటిఫిక్, డొమెస్టిక్, ఆటోమేటిక్, స్పెసిఫిక్... ఇవి నేటి వాడుకలో ఒంటరివే. అలాగే మెడికల్, ప్రాక్టికల్, కెమికల్ కూడా. మ్యూజిక్, లాజిక్, టాపిక్ లాంటివి నామవాచకాలు. వాటిని విశేషణాలుగా మార్చాలంటే ‘అల్’ చేర్చాలి. మ్యూజికల్, లాజికల్, టాపికల్.

రెండు రూపాలున్నా అర్థం మారనివీ ఉన్నాయి. లండన్‌లో 1830లో ఏర్పడిన సంస్థ పేరు రాయల్ ‘జియోగ్రాఫికల్’ సొసైటీ. వాషింగ్టన్‌లో 1888లో ఏర్పడిన దాని పేరు నేషనల్ ‘జియోగ్రాఫిక్’ సొసైటీ. రెండింటిదీ భూగోళ శాస్త్రమే. ఇలాంటి చోట ఏది రాసినా తప్పు లేదు. ఒకే వ్యాసంలో అటూ ఇటూ మార్చకుండా ఉంటే చాలు.

మందుల చీటీలో... ట్యాంకర్ వెనుక

ఇప్పటిదాకా చెప్పుకున్నవాటిలో పొరపాటు జరిగితే పోయేది పరువో, ఒకటి రెండు మార్కులో. కొన్ని మాటలు మాత్రం అంతటితో వదలవు.

డాక్టరు మందుల చీటీలో ‘ఆల్టర్నేట్ డేస్’ అని రాస్తే రోజు విడిచి రోజు అని. మున్సిపాలిటీ వాళ్లు రోజు విడిచి రోజు నీళ్లు వదిలినట్టే. ‘ఆల్టర్నేటివ్’ అంటే ఒకదానికి బదులుగా మరొకటి. రాసిన మందు దొరక్కపోతే దాని స్థానంలో ఇచ్చేది. అమెరికా వాడుకలో ‘ఆల్టర్నేట్’ను ఈ రెండో అర్థంలోనూ వాడతారు కాబట్టి, అక్కడున్న పిల్లలు చెప్పే మాట వినేటప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండాలి. మందుల విషయంలో సందేహం వస్తే ‘రోజూ వేయాలా, రోజు విడిచి రోజా?’ అని తెలుగులో అడిగి తేల్చుకోవడమే మేలు. అందులో చిన్నతనమేమీ లేదు.

జ్వరం గురించి చెప్పేటప్పుడూ అంతే. తెరిపి లేకుండా కురిసే వాన ‘కంటిన్యువస్’. మధ్యమధ్య తెరిపిస్తూ మళ్లీమళ్లీ కురిసేది ‘కంటిన్యువల్’. జ్వరం ఒకే తీరున ఉందా, తగ్గి మళ్లీ వస్తోందా అన్నది డాక్టరుకు అవసరమైన సమాచారం. కాబట్టి ఆ మాట జాగ్రత్తగా వాడాలి. లేదా విడమరిచి చెప్పాలి.

ఇక పెట్రోలు ట్యాంకర్ల వెనుక కనిపించే ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ సంగతి. ఇంగ్లిష్‌లో మాట ముందు ‘ఇన్’ వస్తే చాలాచోట్ల ‘కాదు’ అనే అర్థం వస్తుంది. కరెక్ట్‌కు వ్యతిరేకం ఇన్‌కరెక్ట్. యాక్టివ్‌కు ఇన్‌యాక్టివ్. ఆ లెక్కన ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే మండనిది అనుకుంటే కొంప మునుగుతుంది. ‘రగిలించు’ అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చిన ఈ మాటలో ‘ఇన్’ వ్యతిరేకార్థకం కాదు. ‘ఫ్లేమబుల్’ అన్నా, ‘ఇన్‌ఫ్లేమబుల్’ అన్నా ఒకటే... ఇట్టే అంటుకునేది! మండనిదానికి వాడాల్సిన మాట ‘నాన్-ఫ్లేమబుల్’.

ఈ అయోమయం ప్రాణాల మీదకు తెస్తుందని గుర్తించే, అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 1920ల్లోనే ‘ఫ్లేమబుల్’ అనే మాటను ప్రోత్సహించింది. ఇప్పుడు ప్రమాదకర సరుకులు మోసే వాహనాల మీద ఎర్రటి వజ్రాకారంలో మంట బొమ్మ కూడా ఉంటుంది. మాట అర్థం కాకపోయినా బొమ్మ అర్థమవ్వాలని. పిల్లలకు ఆ బొమ్మను చూపించి చెప్పడం మంచిది. స్ప్రే డబ్బాల మీద, గోళ్ల రంగు తుడిచే ద్రావణం సీసాల మీద కూడా ఇలాంటి హెచ్చరిక కనిపిస్తుంది.

‘ఇన్‌వాల్యుబుల్’ కూడా ఇలాంటిదే. విలువ లేనిది కాదు, విలువ కట్టలేనంత గొప్పది. పదవీ విరమణ సభలో ‘యువర్ సర్వీసెస్ ఆర్ ఇన్‌వాల్యుబుల్’ అంటే పెద్దాయన నొచ్చుకోనక్కర్లేదు. ఆనందించాలి!

బోర్ కొట్టిందా? కొట్టించారా?

‘ఇంగ్’, ‘ఎడ్’ జంటలో తెలుగువాళ్లు తడబడటానికి కారణముంది. తెలుగులో ‘నాకు బోర్ కొడుతోంది’ అంటాం. అనుభవించేది నేను. కొట్టేదెవరో వాక్యంలో ఉండదు. దాన్ని ఇంగ్లిష్‌లో పెట్టబోయి ‘ఐ యామ్ బోరింగ్’ అంటారు. అంటే ‘నేను జనాన్ని విసిగిస్తాను’ అని. సరైన మాట ‘ఐ యామ్ బోర్డ్’.

సూత్రం తేలిక. కలిగించేది ‘ఇంగ్’, కలిగినది ‘ఎడ్’. సినిమా బోరింగ్, చూసినవాళ్లు బోర్డ్. పాఠం కన్‌ఫ్యూజింగ్, విద్యార్థి కన్‌ఫ్యూజ్డ్. ఉద్యోగం ఇంటరెస్టింగ్, అభ్యర్థి ఇంటరెస్టెడ్. ఇంకో కిటుకు కూడా ఉంది. తెలుగులో ‘ఆసక్తికరమైన’ అనగలిగితే ‘ఇంగ్’ పెట్టాలి. ‘ఆసక్తి ఉన్న’ అనాల్సి వస్తే ‘ఎడ్’ పెట్టాలి.

తప్పు పడితే తప్పా?

ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా ‘హిస్టారిక్’, ‘హిస్టారికల్’లను కలగాపులగం చేస్తుంటారు. అక్కడి పత్రికలు తమ విలేకరుల కోసం వేసుకునే భాషా నియమావళుల్లో ఈ జంటకు చోటిచ్చేది అందుకే. కాబట్టి తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లు ఈ మాటల దగ్గర కుంగిపోవాల్సిన పనిలేదు. ఎదుటివాళ్లు తడబడితే నవ్వే హక్కూ ఎవరికీ లేదు. పదిమందిలో నవ్వులపాలైన పిల్లలు తప్పు దిద్దుకోవడం మాట అటుంచి, అసలు నోరు తెరవడమే మానేస్తారు. అది ఒక ‘అల్’ తోక తప్పిపోవడం కన్నా పెద్ద నష్టం.

ఎక్కడ పట్టుబట్టాలో, ఎక్కడ చూసీచూడనట్టు పోవాలో తెలిస్తే చాలు. మందులు, మంటల దగ్గర రాజీ వద్దు. దరఖాస్తులు, పరీక్షలు, ఇంటర్వ్యూల్లో ఓసారి నిఘంటువు తిరగేయాలి. ఇంట్లో, స్నేహితుల మధ్య మాట్లాడేటప్పుడు మాత్రం ధైర్యంగా మాట్లాడటమే ముఖ్యం.

ఇంటిల్లిపాదికీ చిన్న పరీక్ష

ఖాళీల్లో ఏ మాట సరిపోతుందో చెప్పండి.

1. ఆగస్ట్ 15, 1947 వాజ్ ఎ ...... డే. (హిస్టారిక్ / హిస్టారికల్)
2. బడ్జెట్‌కు ముందు పార్లమెంటు ముందుంచేది ...... సర్వే. (ఎకనామిక్ / ఎకనామికల్)
3. బస్సులో వెళ్లడం కారులో వెళ్లడం కన్నా ...... (ఎకనామిక్ / ఎకనామికల్)
4. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వాజ్ ఎ గ్రేట్ ...... సింగర్. (క్లాసిక్ / క్లాసికల్)
5. ఐ యామ్ ...... ఇన్ చెస్. (ఇంటరెస్టింగ్ / ఇంటరెస్టెడ్)
6. టేక్ దిస్ ట్యాబ్లెట్ ఆన్ ...... డేస్. (ఆల్టర్నేట్ / ఆల్టర్నేటివ్)
7. పెట్రోల్ ఈజ్ ...... (ఇన్‌ఫ్లేమబుల్ / నాన్-ఫ్లేమబుల్)

జవాబులు: 1. హిస్టారిక్ 2. ఎకనామిక్ 3. ఎకనామికల్ 4. క్లాసికల్ 5. ఇంటరెస్టెడ్ 6. ఆల్టర్నేట్ 7. ఇన్‌ఫ్లేమబుల్. ఏడుకు ఏడూ చెప్పినవాళ్లకు ఈ పూట వంటింటి పని మినహాయింపు!